మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో: నియమాలు ఎన్ని పెట్టాలి, ఇంటిపని ఎంత ఇవ్వాలి?

లంకబడి | జూన్ 9, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. కోనసీమలో గోదావరి పాయ పక్కన ఉన్న ఒక లంక గ్రామంలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేస్తున్నాను. మాది ఇద్దరు టీచర్ల బడి. ఒకటి, రెండు తరగతులు మా ప్రధానోపాధ్యాయురాలు చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 31 మంది నా గదిలోనే కూర్చుంటారు. జూన్ 12న బడి తెరుస్తాం. ఈలోగా మీ సలహా కావాలి.

ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు పట్టణంలో ఒక ప్రైవేటు బడిలో చెప్పాను. అక్కడ అలవాటైన పద్ధతినే నిరుడు ఇక్కడా పెట్టాను. మొదటి రోజే 14 నియమాలు చార్టు మీద రాసి గోడకు అంటించాను. ఆలస్యంగా రాకూడదు, మాట్లాడకూడదు, చోటు వదిలి లేవకూడదు, ఇంటిపని మరవకూడదు, ఇలా. చదివించి చూస్తే మూడో తరగతిలోని 11 మందిలో ఆరుగురికి ఆ చార్టు చదవడమే రాలేదు. చదవలేని నియమాన్ని పాటించలేదని ఆ పిల్లలనే గోడ పక్కన నిలబెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంటిపని సంగతి ఇంకా కష్టం. రోజూ ఒక పేజీ చూచిరాత, ఒక ఎక్కం, 10 ఇంగ్లీషు పదాలు ఇచ్చేదాన్ని. మొదట్లో 20 మంది తెచ్చేవారు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు. ఆదివారం పని చేయని పిల్లలు సోమవారం బడికే రావడం మానేశారు. నేనిచ్చిన పనే పిల్లలను బడికి దూరం చేస్తోందని నాకు అర్థమయ్యేసరికి దసరా సెలవులు వచ్చేశాయి.

ఈసారి అలా జరగకూడదు. మొదటి వారంలో మీరు ఏం చేస్తారో, ఇంటికి ఏం పంపుతారో చెప్పండి.

పాతబెంచీ | జూన్ 10, ఉదయం 5:50

అమ్మా, 36 ఏళ్లు ప్రాథమిక బడుల్లోనే పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అందులో తొమ్మిదేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులకూ నేనొక్కడినే. కాబట్టి మీ గది ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను.

చార్టు తీసేయండి. మూడు మాటలు చాలు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటారు. ఎవరి ఒంటి మీదా ఎవరూ చెయ్యి వేయరు. తీసిన వస్తువు తీసిన చోట పెడతారు. మిగిలిన 11 నియమాలూ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాయి.

అయితే ఆ మూడూ చెబితే సరిపోదు. ఎక్కాలు వల్లె వేయించినట్టు వాటినీ సాధన చేయించాలి. నేను మొదటి రెండు రోజులు పుస్తకం తెరిచేవాడిని కాదు. గుమ్మం దగ్గర చెప్పులు జతలుగా విప్పడం ఒక పాఠం. పిల్లలందరినీ బయటికి పంపి, లోపలికి రప్పించి, చెప్పులు చూపించి, మళ్లీ బయటికి పంపేవాడిని. భోజనం గంట కొట్టాక కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం ఇంకో పాఠం. ఎవరు ముందు, నీళ్లు ఎంతసేపు వదలాలి, తడిచేతులు ఎక్కడ తుడుచుకోవాలి, పళ్లెం ఏ చేత్తో పట్టుకోవాలి. బయటికి వెళ్లాలంటే ఎలా అడగాలో, సందేహం వస్తే టీచరు వేరే తరగతికి చెబుతున్నప్పుడు ఎవరిని అడగాలో అదొక పాఠం. ఆ చివరిది మీకు చాలా ముఖ్యం. మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు అల్లరి ఎక్కువగా పుట్టేది ఖాళీగా ఉన్న తరగతి నుంచే. ఐదో తరగతికి భిన్నాలు చెబుతున్న 15 నిమిషాలూ మూడో తరగతి చేతిలో ఏ పని ఉందో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకొక మాట. నియమం మీకూ వర్తించాలి. పిల్లవాడు మాట్లాడుతుంటే మీరు ఫోను చూస్తే మొదటి నియమం ఆ క్షణమే పోయినట్టు.

చెరువుగట్టు | జూన్ 10, మధ్యాహ్నం 1:30

మాది భీమవరం వైపు. రొయ్యల చెరువుల దగ్గర పని. మా అమ్మాయి మూడో తరగతి. మాస్టారు మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇంత మెత్తగా ఉంటే పిల్లలు మాట వింటారా? మా చిన్నప్పుడు గోడకుర్చీ వేయించారు, గుంజీలు తీయించారు, బెత్తంతో కొట్టారు. ఆ భయంతోనే ఎక్కాలు వచ్చాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అన్నారా?

ఇంటిపని కూడా ఎక్కువే ఇవ్వాలి. రాత్రిపూట నేను చెరువు దగ్గర ఉండాలి. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లవారేసరికి పంట పోతుంది. మా ఆవిడ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్ల ఒక్కతే. పుస్తకం ముందు లేకపోతే చేతిలో ఫోను ఉంటుంది, కాకపోతే చెరువు గట్టు మీద ఉంటుంది. రెండింటికీ నాకు భయమే.

కొబ్బరిదడి | జూన్ 10, సాయంత్రం 6:05

చెరువుగట్టు గారూ, మీ భయం నిజమైనది. మీరు చెప్పిన మందే సరైనది కాదు.

ముందు చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, అందరి ముందు మొద్దు అని పిలవడం, అన్నీ అందులోకే వస్తాయి. టీచరుకు ఇష్టమున్నా లేకపోయినా అది చట్టవిరుద్ధం.

ఇక సామెత సంగతి. మాది అంబాజీపేట వైపు, మూడు తరాలుగా కొబ్బరి తోట. కొబ్బరి మొక్కను మేము ఎప్పుడూ వంచలేదు. నాటిన రోజున చుట్టూ దడి కడతాం. మేకలు రాకుండా, గాలికి ఒరగకుండా. దడి మొక్కను తాకదు. పాదు చేసి నీళ్లు పెడతాం. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. దెబ్బలు తిని ఎక్కాలు నేర్చుకుని వచ్చిన పిల్లలకు 7 ఎనిమిదులు 56 అని వస్తుంది. ఏడు బస్తాల్లో బస్తాకు ఎనిమిది చొప్పున కాయలుంటే మొత్తం ఎన్ని అంటే మాత్రం కూడాలా, గుణించాలా అని నా చెయ్యి వైపు చూస్తారు. ఆ చూపు ఆరో తరగతిలో కూడా పోదు.

రాజోలు అమ్మమ్మ | జూన్ 11, రాత్రి 8:40

ఇది మా పక్కింటి అమ్మాయి చేత రాయిస్తున్నాను. నాకు చదువు రాదు. వేలిముద్ర వేస్తాను.

మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లు అయింది. మనవడు నా దగ్గర ఉంటాడు. నాలుగో తరగతికి వచ్చాడు. రోజూ రాత్రి ఎనిమిదికి వాళ్ల అమ్మ ఫోను చేస్తుంది. అక్కడ అప్పుడు అయిదున్నర అట. ఆ ఫోనులో తల్లీ కొడుకూ మాట్లాడుకునేది పావుగంట. నిరుడు ఆ పావుగంటా హోంవర్కుకే పోయింది. డైరీలో ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. వాడు ఆ పేజీ ఫోనుకు చూపించేవాడు. అది చూసి తను చెప్పేది. వాడికి అర్థమయ్యేది కాదు, తనకు కోపం వచ్చేది, వాడు ఏడ్చేవాడు, అవతల తను కూడా ఏడ్చేది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఏమీ చేయలేక చూస్తూ ఉండేదాన్ని.

ఒకరోజు బడి నుంచి చీటీ వచ్చింది. పిల్లవాడి చదువు మీద ఇంట్లో శ్రద్ధ పెట్టడం లేదని రాశారట. నేను పొద్దున్నే లేచి వాడికి తల దువ్వి, చద్దన్నం కలిపి, గేటు దాకా దిగబెట్టి వస్తాను. అది శ్రద్ధ కాదేమోనని ఆ రోజు చాలా కుమిలిపోయాను.

టీచరమ్మా, నా దగ్గర కూర్చుని చేసుకునే పని ఏదైనా ఇవ్వండి. నాకు అక్షరాలు రావు కానీ లెక్క వస్తుంది. కొబ్బరి ఒలుపు దగ్గర వెయ్యి కాయల లెక్క ఎవరైనా తప్పు చెబితే పట్టుకునేది నేనే. పాటలు వస్తాయి, పొడుపు కథలు వస్తాయి. అవి బడికి పనికి వస్తాయా?

లంకబడి | జూన్ 11, రాత్రి 10:20

అమ్మమ్మగారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. అలాంటి చీటీలు నేను కూడా రాశాను. నిరుడు పది ఇళ్లకైనా రాసి ఉంటాను. ఒక్క ఇంటికీ వెళ్లి చూడలేదు.

మీరు అడిగినదానికి జవాబు: పనికి వస్తాయి. ఎలా వాడుకోవాలో నేనే నేర్చుకోవాలి.

నాలుగో గది | జూన్ 12, రాత్రి 9:50

నేను ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చెబుతాను. గదిలో 43 మంది. మా దగ్గర సమస్య తలకిందులుగా ఉంటుంది. ఇంటిపని తగ్గిస్తే తల్లిదండ్రులే వచ్చి అడుగుతారు. ఫీజు కట్టాం, పిల్లవాడు ఖాళీగా ఉన్నాడు అంటారు. యాజమాన్యం వారానికొకసారి నోటుపుస్తకాలు తెప్పించి పేజీలు లెక్కపెడుతుంది.

కేంద్ర విద్యాశాఖ 2020లో బడిసంచి విధానం ప్రకటించింది. అందులో సంచి బరువే కాదు, ఇంటిపని గురించి కూడా ఉంది. రెండో తరగతి వరకూ ఇంటిపని అసలు వద్దు. ఆ పిల్లలను నిన్న సాయంత్రం ఏం చేశారు, ఏం ఆడుకున్నారు, ఏం తిన్నారు అని తరగతిలో మాట్లాడించాలి. మూడు నుంచి ఐదు వరకూ వారానికి గరిష్ఠంగా రెండు గంటలు. ఆరు రోజుల బడికి పంచితే రోజుకు 20 నిమిషాలు. ఇది నేను సమావేశంలో చదివి వినిపిస్తే ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఇంకొక పని చేశాను. ఒక వారం పాటు పిల్లవాడు ఇంటిపనికి కూర్చున్న సమయం, లేచిన సమయం పుస్తకం చివరి పేజీలో రాయమని తల్లిదండ్రులను కోరాను. రాసినవాళ్లు 29 మంది. నేను అరగంట అనుకుని ఇచ్చిన పనికి కొందరికి 25 నిమిషాలు పట్టింది, కొందరికి గంటా నలభై నిమిషాలు. అంతసేపు కూర్చున్న పిల్లలు నా గదిలో మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లే. తమ చేత్తో రాసిన అంకెలు చూశాక తల్లిదండ్రులే తగ్గించమన్నారు. ఇప్పుడు రోజుకు ఒక్క సబ్జెక్టే ఇస్తాను. 20 నిమిషాలు అయ్యాక పని సగంలో ఉన్నా గీత గీసి, అమ్మ సంతకం పెట్టించుకుని ఆపేయవచ్చని చెప్పాను. ఆ గీత ఎక్కడ పడిందో చూస్తే ఎవరికి ఏది రావడం లేదో నాకు తెలిసిపోతుంది.

చెరువుగట్టు గారూ, ఒంటరిగా ఉన్న పిల్లకు నాలుగు గంటల కాపలా ఇంటిపని వల్ల కాదండి. పక్కింటివాళ్లో, ఊరి గ్రంథాలయమో, బడి అయ్యాక ఇంకో గంట పిల్లలను ఉంచుకునే పెద్దలెవరైనా ఉన్నారేమో చూడాలి. చెరువు గట్టు విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు.

చెరువుగట్టు | జూన్ 13, ఉదయం 11:10

కాపలా మాట నిజమే. పక్క వీధిలో మా పెద్దమ్మ ఉంది, అడిగి చూస్తాను.

అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. కొట్టకూడదు, సరే. ఒక పిల్లవాడు రోజూ పక్కవాడిని గిచ్చుతాడు, పుస్తకం చింపుతాడు. అప్పుడేం చేస్తారు? మూడు నియమాలూ ఇంకోసారి చెబుతారా? మా అమ్మాయి పుస్తకం చింపినవాడిని ఊరికే వదిలేస్తే నేను ఒప్పుకోలేను.

పాతబెంచీ | జూన్ 13, సాయంత్రం 4:30

ఊరికే వదలకూడదు బాబూ. ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను.

పాడుచేసినవాడే బాగుచేయాలి. మా బడిలో ఒక కుర్రవాడు తోటివాడి సైన్సు నోటు చింపాడు. జిగురు, తెల్ల కాగితం ఇచ్చి రెండు రోజుల విరామ సమయాల్లో ఆ పేజీలు అతికించి, పోయిన పాఠం తిరిగి రాయించాను. పక్కన పుస్తకం సొంతదారుడు కూర్చుని, ఇక్కడ బొమ్మ ఉండాలి, ఇక్కడ ఎర్ర గీత ఉండాలి అని చెప్పాడు. రెండో రోజుకు ఇద్దరూ కలిసి బొమ్మ వేస్తున్నారు. ప్రతిసారీ అలా జరగదు. మూడోసారి కూడా చింపినవాడు ఉన్నాడు. వాడి ఇంటికి వెళ్లాను. తండ్రి రోజూ తాగి వచ్చి తల్లిని కొడుతున్నాడు. ఇక ఆ నోటు గురించి నేను మాట్లాడలేదు. వాడిని బడిలో నా బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, హాజరు పిలిచే పని వాడికి అప్పగించాను.

చేయకూడనివి మూడున్నాయి. తప్పు చేశాడని అన్నం ఆలస్యం చేయకూడదు. డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన నేల ఇది, బడి భోజనానికి ఆమె పేరే పెట్టుకున్నాం. ఆట మొత్తం తీసేయకూడదు, ఎక్కువ అల్లరి చేసే పిల్లవాడికే ఆట ఎక్కువ అవసరం. ఇక మూడోది, రాతను శిక్షగా ఇవ్వకూడదు. నేను ఇకపై అల్లరి చేయను అని వందసార్లు రాయించాక, అదే చేతికి పెన్ను ఇచ్చి వ్యాసం రాయమంటే వాడికి పెన్ను మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

లంకబడి | జులై 6, రాత్రి 9:30

మూడు వారాలైంది. ఎలా నడుస్తోందో చెబుతాను.

మూడు నియమాలూ పిల్లల చేతనే చెప్పించాను. రెండోదానికి ఒక ఐదో తరగతి అమ్మాయి, 'నోటితో కూడా కొట్టకూడదు' అని కలిపింది. అది ఉంచేశాను. చదవలేనివాళ్ల కోసం పక్కన బొమ్మలు వేశారు. చెప్పుల పాఠానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు గుమ్మం దగ్గర ఎవరూ తట్టుకుని పడడం లేదు.

ఇంటిపని ఎవరి సాయమూ లేకుండా చేయగలిగేదో, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనేదో మాత్రమే ఇస్తున్నాను. తరగతిలో సగం చేసి చూపించాకే మిగతా సగం ఇంటికి పంపుతున్నాను. పలక మీద రాసి తెచ్చినా సరే, నోటితో చెప్పినా సరే. చేయలేదంటే మొదటి ప్రశ్న 'ఎందుకు చేయలేదు' కాదు, 'నిన్న సాయంత్రం ఇంట్లో ఏం జరిగింది' అని. జవాబులు విన్న మొదటి వారం రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఒక అబ్బాయి చెల్లెలికి జ్వరం, తల్లి ఆసుపత్రిలో, వంట వాడే చేశాడు. వాడికి తొమ్మిదేళ్లు.

రాజోలు అమ్మమ్మగారి మాట పట్టుకుని ఒక పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్లు బియ్యం దేనితో కొలిచేవారో అడిగి రండి అని. 31 మందిలో 27 మంది జవాబుతో వచ్చారు. సోల, తవ్వ, మానిక, ఇలా. మర్నాడు ఒక అబ్బాయి సోల, గిద్దె రెండూ తెచ్చాడు. గదిలో ఇసుక పోసి కొలిచాం. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. తవ్వకు ఎన్ని గిద్దెలు అని అడిగితే నాలుగో తరగతి పిల్ల ఇసుకతో కొలిచి ఎనిమిది అంది. నిరుడు మూడో తరగతిలో చార్టు చదవలేని ఆరుగురిలో ఆమె ఒకతె.

కొబ్బరిదడి | జులై 7, ఉదయం 6:15

మేడమ్ గారూ, ఆ అమ్మాయి ఎనిమిది అన్నదాన్ని అక్కడే 4 × 2 = 8 అని పలక మీద రాయించారా? చేత్తో కొలిచినది గుర్తుగా మారే ఆ ఒక్క అడుగూ దాటించాలి. లేకపోతే ఇసుక ఇసుకగానే ఉండిపోతుంది, ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ సంబంధం తెగిపోతుంది.

లంకబడి | జులై 7, రాత్రి 9:00

రాయించలేదు. ఈరోజు మళ్లీ ఇసుక తీసి రాయించాను. మీరు అడగడం మంచిదైంది.

లంకబడి | ఆగస్టు 24, సాయంత్రం 5:40

వరద వల్ల చాలా రోజులు ఇటు రాలేకపోయాను. కాజ్‌వే మునిగి తొమ్మిది రోజులు పడవ మీదే రాకపోకలు. నాలుగు రోజులు బడి మూసేశాం. ఏడుగురి పుస్తకాలు తడిసిపోయాయి.

ఆలస్యం గురించి నియమం పెట్టకపోవడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. పడవ ఎప్పుడొస్తే అప్పుడే బడి. ఇంటిపని పూర్తిగా ఆపేశాను. పిల్లలే అడిగారు, ఏమీ ఇవ్వరా అని. సరే, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం ఎంతో రోజూ వార్తల్లో విని గుర్తుపెట్టుకు రండి అన్నాను. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75 దగ్గర, మూడోది 17.75 దగ్గర ఇస్తారు. గోడ మీద నిలువు గీత గీసి రోజూ మట్టం గుర్తు పెట్టాం. దశాంశాలు ఐదో తరగతికి కూడా కొరుకుడు పడలేదు. అప్పుడొక పిల్లవాడు లేచి, 'మా తాతయ్య దాన్ని పదకొండూ ముప్పావు అన్నాడు టీచర్' అన్నాడు. పావు, అర, ముప్పావు ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి నుంచి 0.25, 0.50, 0.75 అర్థం కావడానికి ఒక పూట పట్టింది.

ఈసారి వెంటనే పలక మీద రాయించాను, కొబ్బరిదడి గారూ.

నాలుగో గది | ఆగస్టు 24, రాత్రి 10:05

ఆ గీత ఫోటో ఉంటే పెట్టండి మేడమ్. మా పిల్లలకు గోదావరి మట్టం టీవీలో అంకె మాత్రమే.

చెరువుగట్టు | ఆగస్టు 26, మధ్యాహ్నం 2:15

పెద్దమ్మ ఒప్పుకుంది. అమ్మాయి సాయంత్రాలు అక్కడే ఉంటోంది. ఇంటిపని ఇంకాస్త ఇవ్వాలనే ఇప్పటికీ అనుకుంటున్నాను, దాపరికం ఎందుకు. కానీ ఈ చర్చ చదివాక ఒకసారి చెరువులో మేత కొలిచే పుస్తకం తనకు చూపించాను. రోజుకు నాలుగుసార్లు మేత, ఒక్కోసారి ఎన్ని కిలోలో నేను చెబితే తను కూడి రాసింది. ఒకచోట నా కూడికే తప్పని పట్టుకుంది. కోప్పడబోయి ఆగాను, తప్పు నాదే. అది ఇంటిపని కింద లెక్కేనా?

పాతబెంచీ | ఆగస్టు 26, సాయంత్రం 5:20

లెక్కే బాబూ. ఆ రోజుకు ఇంకేమీ ఇవ్వవద్దని టీచరుకు చెప్పండి.

రాజోలు అమ్మమ్మ | ఆగస్టు 30, రాత్రి 8:50

మా బడి టీచరుకు ఈ చర్చ చూపించింది పక్కింటి అమ్మాయి. ఇప్పుడు మావాడికి కూడా పెద్దవాళ్లను అడిగి రమ్మనే పనులు వస్తున్నాయి. రాత్రి ఫోనులో వాడు వాళ్ల అమ్మకు పొడుపు కథలు వేస్తున్నాడు. తనకు రాకపోతే నా వైపు చూస్తుంది, నేను చెప్పను.

నిన్న వాడు కుంచం అంటే ఎంత అని అడిగాడు. నాలుగు మానికలు అన్నాను. నమ్మలేదు, చూపించమన్నాడు. మా ఇంట్లో మానిక ఉంది, కుంచం ఎప్పుడో అమ్మేశాం. రాజోలు చుట్టుపక్కల ఎవరింట్లో అయినా ఉంటే చెప్పండి, కొలిచి చూపించి తిరిగి ఇచ్చేస్తాను.

కొబ్బరిదడి | ఆగస్టు 31, ఉదయం 6:00

అమ్మమ్మగారూ, మా అటక మీద ఇత్తడి కుంచం ఉంది. ఆదివారం రాజోలు పెళ్లికి వస్తున్నాను. తెచ్చి ఇస్తాను, మీ దగ్గరే ఉంచుకోండి.